జాగ్రత్తపరులు క్రిప్టోలో డబ్బు పెట్టడానికి ఎందుకు వెనకాడతారు?

లాభం రాదని కాదు, పోతే అడగడానికి ఎవరూ ఉండరని. బ్యాంకు మునిగినా డిపాజిట్‌కి 5 లక్షల దాకా బీమా ఉంది. క్రిప్టోకి అలాంటిదేమీ లేదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు క్రిప్టో ఎక్స్ఛేంజి (కాయిన్లు కొని అమ్మే వేదిక) నుంచి హ్యాకర్లు సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు కొట్టేస్తే, ఖాతాదారులు నెలల తరబడి తమ కాయిన్లు వెనక్కి తీసుకోలేకపోయారు. ధరల సంగతి సరేసరి: 2021 నవంబరులో 69 వేల డాలర్ల దగ్గర ఉన్న బిట్‌కాయిన్, ఏడాది తిరిగేసరికి 16 వేలకు పడింది. షేరు వెనక కంపెనీ సంపాదన ఉంటుంది, ఇల్లు కొంటే అద్దె వస్తుంది. క్రిప్టోలో లాభం రావాలంటే మనకంటే ఎక్కువకు కొనేవాడు దొరకాలి, అంతే.

ఇక పన్ను. లాభం మీద 30 శాతం, పైన సెస్సు. ఒక కాయిన్‌లో నష్టపోతే దాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేసుకోనివ్వరు. నాకైతే ఇదే మరీ అన్యాయం అనిపిస్తుంది.