పుండు మానింది, ఇక పరీక్ష ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 28 ఏళ్లు. అయిదు నెలల క్రితం పరిచయం లేని ఒకరితో కండోమ్ లేకుండా కలిశాను. మూడు వారాల తర్వాత అంగం మీద నొప్పి లేని చిన్న పుండు లేచింది. మెడికల్ షాపులో అడిగి మాత్రలు వాడితే మానిపోయింది. వచ్చే నెలలో నా పెళ్లి. బాధ లేనప్పుడు పరీక్షలు దేనికని స్నేహితులు అంటున్నారు. ఆసుపత్రిలో తెలిసినవాళ్లు చూస్తారేమోనని భయం కూడా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పెళ్లికి ముందే పరీక్షలు చేయించుకోండి, ఈ వారంలోనే వెళ్లండి. నొప్పి లేని పుండు అనగానే ముందుగా అనుమానించవలసింది సిఫిలిస్‌ను, అంటే మన పెద్దవాళ్లు సవాయి అనే జబ్బును. ఆ పుండు మందు వేసినా వేయకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. క్రిమి మాత్రం రక్తంలో నిలిచి, కొన్నాళ్లకు అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలుగా బయటపడవచ్చు, లేదా ఏ గుర్తూ లేకుండా ఏళ్ల తరబడి దాగి, చివరికి గుండెను, మెదడును, నరాలను దెబ్బతీయవచ్చు. షాపులో ఇచ్చిన మాత్రలు ఏవో, ఎన్ని రోజులు వాడారో మీరు రాయలేదు కాబట్టి వాటితో నయమైందని నేను అనలేను.

సిఫిలిస్ కోసం రక్తంలో ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్‌ఎల్ పరీక్ష, దాన్ని నిర్ధారించేందుకు టీపీహెచ్‌ఏ చేస్తారు. వాటితోపాటు హెచ్‌ఐవీ, హెపటైటిస్‌-బి పరీక్షలు, వీలైతే గనేరియా, క్లమీడియా అనే సుఖవ్యాధులకు మూత్ర పరీక్ష కూడా అడగండి, ఎందుకంటే ఇవి ఒకదాని వెంట ఒకటి రావడం మామూలే. హెచ్‌ఐవీ సోకిన కొత్తలో పరీక్షలో దొరకకపోవచ్చు గాని, మీకు మూడు నెలలు దాటిపోయాయి. ఆ తర్వాత మళ్లీ అలాంటి కలయిక జరగకపోతే ఇప్పటి ఫలితాన్ని నమ్మవచ్చు. సిఫిలిస్ ఉందని తేలితే, తొలి దశలో బెంజాథిన్ పెన్సిలిన్ ఒక్క మోతాదుతోనే నయం చేయవచ్చు. తర్వాత ఆరు నెలలకు, ఏడాదికి రక్తపరీక్ష చేసి తగ్గుదల చూస్తారు. అలా తేలితే పెళ్లికూతురికి పెళ్లికి ముందే చెప్పడం మీ బాధ్యత. చికిత్స పూర్తయి డాక్టరు సరేననేదాకా అవసరమైతే ముహూర్తం వెనక్కి జరపడమే మేలని నా అభిప్రాయం. ఎలా చెప్పాలో తెలియకపోతే కౌన్సెలర్ సాయం తీసుకోవచ్చు.

భయం సంగతికి వస్తే, తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల ఓపీకి రాయలసీమ నలుమూలల నుంచి తామర, గజ్జి, బొల్లి ఉన్నవాళ్లూ వస్తారు. ఆ వరుసలో నిలబడినవారిని చూసి ఎవరి జబ్బు ఏమిటో చెప్పలేరు. ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో, ఐసీటీసీ అనే హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రాల్లో సలహా, హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. మీ సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదనీ, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలనీ 2017 నాటి చట్టం చెబుతోంది. వెళ్లే ముందు మాట్లాడాలనిపిస్తే 1097కు ఉచితంగా ఫోన్ చేయండి. ఇకముందు కండోమ్ తప్పనిసరి. గడువు తేదీ చూసుకోండి, కొబ్బరినూనె రాస్తే రబ్బరు బలహీనపడి చిరుగుతుంది.

ప్రశ్న: గర్భిణిగా చేసిన పరీక్షలో నాకు సిఫిలిస్ ఉందని వచ్చింది. మా ఆయన తనకేమీ లేదని పరీక్షకు రానంటున్నారు. నేను ఒక్కదాన్నే ఇంజెక్షన్ వేయించుకుంటే సరిపోతుందా?
– ఒక సోదరి, చిత్తూరు

జవాబు: చాలదమ్మా. ముందు మీరు ఆలస్యం చేయకుండా ఇంజెక్షన్లు వేయించుకోండి. పెన్సిలిన్ కడుపులోని బిడ్డకు కూడా చేరి కాపాడుతుంది, అయితే కాన్పుకు కనీసం 30 రోజుల ముందే చికిత్స జరగాలి. ఆయనకు చికిత్స జరగకపోతే మీకు మళ్లీ సోకవచ్చు, కాబట్టి అప్పటిదాకా దూరంగా ఉండండి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఈ పరీక్ష చెప్పదు. ఆ వాదన పక్కనపెట్టి, బిడ్డ కోసమని మీ డాక్టరు చేతనే ఆయనకు చెప్పించండి. పుట్టిన బిడ్డకూ పరీక్ష చేయించాలి.