యుగాంతమా, రాకడా?

సందేహం: అమెరికా ఇజ్రాయెల్ పక్షం వహించడంపై ఒక పత్రికా వ్యాసంలో ‘యుగాంత విశ్వాసాలు విదేశాంగ విధానాన్ని ప్రభావితం చేస్తున్నాయి’ అని రాశారు. చర్చికి వెళ్లే మా మిత్రులు, క్రీస్తు మళ్లీ రావడాన్ని ఉద్దేశించి, ‘రాకడ’ అంటారు. ఏది సరి? – ఒక పాఠకుడు, కావలి

సమాధానం: యుగాంతమన్నాక మీ ప్రాంతం వారికి ముందు ఎర్రన గుర్తుకు రావద్దూ? నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని పూరించింది ఆయనే. మార్కండేయుడు చెప్పే ప్రళయకథ ఆ భాగంలోదే. ఎండలు మండి, నిప్పు రేగి, ఆపైన మబ్బులు కురిసి లోకమంతా ఏకజలమైపోతుంది. ముని ఒక్కడే ఆ నీళ్లలో తిరిగి తిరిగి మర్రికొమ్మపై ఒక పసివాణ్ని చూస్తాడు. ఆ బిడ్డ నోట్లోకి వెళ్లి చూస్తే మునిగిపోయాయనుకున్న నదులూ కొండలూ ఊళ్లూ కడుపులో పదిలంగా ఉన్నాయి! మన యుగాంతం కాలగణన ప్రకారం వస్తుంది, మళ్లీ సృష్టి మొదలవుతుంది. దాన్ని తొందరపెట్టాలని ఏ రాజూ దండు కదపడు.

వ్యాసకర్త చెప్పే నమ్మకం వేరు. 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ అనే క్రైస్తవ బోధకుడు బోధించగా, 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు వ్యాఖ్యలు అమెరికాలో పాదుకొల్పిన వరస అది: సంఘం ఎత్తబడటం (విశ్వాసులు ఆకాశానికి కొనిపోబడటం), లోకం ఘోర కష్టాలు పడే శ్రమల కాలం, హార్‌మెగిద్దోను అనే ఆఖరి యుద్ధం, క్రీస్తు వెయ్యేళ్ల పాలన. యూదులు స్వదేశం చేరడం ఇందులో తప్పనిసరి ఘట్టం. అందుకే 1948లో ఇజ్రాయెల్ ఏర్పడటం ఇది నమ్మేవారికి ప్రవచనం నెరవేరడమే. 2018 మే 14న జెరూసలేంలో అమెరికా రాయబార కార్యాలయం తెరిచినప్పుడు ముగింపు ప్రార్థన చేసిన జాన్ హేగీ ఈ పక్షం పాస్టరే. ఇజ్రాయెల్‌కు మద్దతుగా 2006లో పెద్ద సంస్థనే స్థాపించాడు. అమెరికా మద్దతు వెనుక ఓట్లూ వ్యూహాలూ కూడా ఉన్నాయనుకోండి. క్రైస్తవులందరూ ఈ వరసను ఒప్పుకోరు కూడా.

‘రాకడ’ చక్కని తెలుగు. ‘వాన రాకడ, ప్రాణం పోకడ’ అని రైతు నోట నలిగిన జంట. పాపం, పోకడ మాత్రం ఇప్పుడు ఫ్యాషన్ వార్తల పాలైంది.

అలాగని యుగాంతాన్ని కొట్టిపారేయలేను. తెలుగు బైబిలు మత్తయి సువార్తలోనే ‘నీ రాకడకును ఈ యుగసమాప్తికిని’ అని రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అయినా పత్రికలో ‘అంత్యదినాల నమ్మకాలు’ అని రాస్తే, పాఠకుడు ఎర్రన దారిన పోకుండా ఉంటాడేమో.

ఇక మీరు అడగకపోయినా చెబుతాను: ‘ప్రభావితం చేస్తున్నాయి’ ఏం తెలుగు? ‘విధానం మీద ఈ నమ్మకాల ప్రభావం ఉంది’ అంటే పత్రికకు సిరా ఎక్కువ ఖర్చవుతుందా?