అద్దె ఇవ్వని వారి వాటాకు తాళం వేయవచ్చా?

ప్రశ్న: మా వారు పోయిన తర్వాత పై వాటా అద్దెతోనే ఇల్లు గడుస్తోంది. నెలకు 12,000 రూపాయలకు పదకొండు నెలల ఒప్పందం రాయించుకుని ఒక కుటుంబానికి ఇచ్చాను. గడువు ముగిసి ఏడాది దాటినా మళ్లీ రాయించుకోలేదు. నాలుగు నెలలుగా అద్దె ఇవ్వడం లేదు. కరెంటు తీసేయించి, నీళ్ల మోటారు ఆపించి, వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం వేసేయమని మా మరిది అంటున్నాడు. అలా చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: వద్దమ్మా. అద్దె మీదే నడిచే ఇంటికి నాలుగు నెలల బకాయి ఎంత భారమో తెలిసే చెబుతున్నాను, ఆ పని మాత్రం చేయకండి. చట్ట ప్రకారం కాకుండా స్వాధీనం పోగొట్టుకున్న వ్యక్తి ఆరు నెలల లోపు దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న విచారణతో నిమిత్తం లేకుండానే అతనికి స్వాధీనం తిరిగి ఇప్పించే అధికారం 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్టులోని 6వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. అంటే ఈ రోజు బకాయిదారుగా ఉన్న మనిషి, మీరు తాళం వేసిన మరుక్షణం ఫిర్యాదుదారుగా మారతాడు. లోపలి సామాను పోయిందని కేసు పెడితే దానికీ మీరే జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఒప్పందం గడువు తీరినా ఆ తర్వాత మీరు అద్దె తీసుకుంటూ వచ్చారు కనుక, వారు ఇప్పుడు నెలవారీ కిరాయిదారులుగా కొనసాగుతున్నట్టే లెక్క. అటువంటి కిరాయిని ముగించడానికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. బకాయి ఎన్ని నెలలది, మొత్తం ఎంత, ఏ తేదీలోగా ఖాళీ చేయాలి అన్న మూడు విషయాలూ స్పష్టంగా ఉండేలా లాయరు చేత రాయించి రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో పంపండి, రసీదును, అక్నాలెడ్జ్‌మెంటును భద్రపరచండి. నోటీసు ఇచ్చిన తర్వాత వారు కొంత డబ్బు తెచ్చి ఇస్తే మామూలు అద్దె రసీదు రాసి ఇవ్వవద్దు. అలా రాస్తే నోటీసును మీరే వదులుకున్నారని వాదించడానికి వీలు చిక్కుతుంది. పాత బకాయి కింద, లేదా నోటీసు గడువు తర్వాత ఇంట్లో ఉన్నందుకు నష్టపరిహారం కింద, మీ హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నట్టు కాగితం మీద రాసి, వారి సంతకం కూడా తీసుకోండి.

అప్పటికీ కదలకపోతే దావా వేయక తప్పదు. కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెలకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించదు కనుక, మీరు వెళ్లవలసింది రెంట్ కంట్రోలర్ దగ్గరకు కాదు, సివిల్ కోర్టుకు. ఖాళీ చేయించడం, బకాయి, గడువు దాటి ఉన్న కాలానికి నష్టపరిహారం, ఈ మూడూ ఒకే దావాలో కోరవచ్చు. లాయరు ఫీజుకు భయపడవద్దు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించే వీలు కూడా అక్కడే ఉంది. అక్కడ కుదిరిన రాజీ మీద ఇచ్చే అవార్డుకు, అంటే తీర్పుకు, కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు.

నా సొంత అభిప్రాయం ఒకటి చెబుతాను. ఫలానా తేదీకి ఖాళీ చేస్తామని వారు రాసిచ్చి, అడ్వాన్సును బకాయిలో సర్దుకోవడానికి ఒప్పుకుంటే, ఒకటి రెండు నెలల అద్దె వదులుకున్నా మీకు లాభమే. దావా తేలేలోపు పోయే అద్దె అంతకంటే చాలా ఎక్కువ. తాళం చెవులు తీసుకునే రోజున, ఇల్లు ఖాళీ చేసి అప్పగించామని వారి చేత రాయించి సంతకం పెట్టించుకోవడం మరవకండి.

ప్రశ్న: మా కిరాయిదారు పదేళ్లుగా ఉంటున్నారు. గృహజ్యోతి పథకానికి మీటరు నంబరు ఇమ్మని అడుగుతున్నారు. ఇస్తే, పన్నెండేళ్లు నిండాక ఇల్లు తనదే అంటారని మా బంధువులు భయపెడుతున్నారు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నిశ్చింతగా ఇవ్వండి. 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే ఈ పథకం అర్హత గల కిరాయిదారులకు కూడా వర్తిస్తుంది. మీటరు మీద సర్వీసు మీ పేరుతోనే ఉంటుంది, ఆ నంబరు ఇచ్చినంత మాత్రాన ఎవరికీ ఇంటి మీద హక్కు పుట్టదు. పేద కుటుంబానికి అందే సాయాన్ని ఇటువంటి అపోహతో ఆపడం నాకు బాధ కలిగిస్తుంది.

పన్నెండేళ్ల మాట సగం విని చెప్పే మాట. యజమాని అనుమతితో, అద్దె కడుతూ ఉన్న మనిషి ఎన్నేళ్లున్నా కిరాయిదారే. అద్దెకు దిగి ఉంటూ యజమాని హక్కును కాదనడానికి చట్టం ఒప్పుకోదు. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. కిరాయి ముగిసిన తర్వాత కూడా అద్దె అడగకుండా, నోటీసు ఇవ్వకుండా, దావా వేయకుండా పన్నెండేళ్లు వదిలేస్తే అప్పుడు కాలదోషం, అంటే దావా వేసే గడువు దాటిపోవడం, అడ్డు వస్తుంది. అందువల్ల మీ కిరాయి నోటిమాటతో నడుస్తుంటే ఇప్పటికైనా దాన్ని కాగితం మీద పెట్టండి, అద్దెను బ్యాంకు ద్వారా తీసుకోండి. ఏడాదికి మించిన గడువుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్పినా, 1999 నాటి సవరణ వల్ల మన రాష్ట్రంలో ఎంత గడువుకు రాసుకున్నా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందరూ పదకొండు నెలలకే రాసుకునే అలవాటు ఆ ఏడాది నిబంధన వల్ల వచ్చినదే.

ప్రశ్న: కొండాపూర్‌లోని మా ఫ్లాటు అద్దె 35,000 రూపాయలు మా నాన్నగారి ఖాతాలో పడుతోంది. ఒప్పందం మీద సంతకం కూడా ఆయనదే. ఇందులో ఇబ్బంది ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఉంది. ఫ్లాటు మీ పేరున ఉంటే ఆదాయం మీదే, పన్నూ మీదే. యజమాని ప్రవాసి అయినప్పుడు అద్దె ఎంత ఉన్నా, కిరాయిదారు సెస్సుతో కలిపి 31.2 శాతం పన్నును మూలంలోనే, అంటే అద్దె ఇచ్చేటప్పుడే, కోసి (టీడీఎస్) ప్రభుత్వానికి కట్టాలి. ఈ సంగతి తెలియని కిరాయిదారు తర్వాత నోటీసు అందుకుంటే ఆ చిక్కు మీ దాకా వస్తుంది. అందుచేత మీరు ప్రవాసి అన్న విషయం ఒప్పందంలోనే రాయించండి, అద్దెను మీ ఎన్నార్వో ఖాతాకు, అంటే ప్రవాసులు ఇక్కడి ఆదాయం జమ చేసుకునే బ్యాంకు ఖాతాకు, మళ్లించండి. మీరు కట్టిన ఆస్తి పన్నును, మిగిలిన దానిలో 30 శాతాన్ని మినహాయించాకే పన్ను లెక్కిస్తారు కాబట్టి, రిటర్ను వేస్తే ఎక్కువ కోసిన సొమ్ము వాపసు వస్తుంది. ముందుగానే తక్కువ కోతకు ధ్రువపత్రం కోరుతూ ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు కూడా చేయవచ్చు.

నాన్నగారు మీ తరఫున సంతకం చేయాలంటే ఆయన పేర పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి. దానిని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేసి పంపండి. కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు డ్యూటీ చెల్లించి స్టాంపు వేయించమని నాన్నగారికి తప్పకుండా చెప్పండి.