పిల్లలను కడప మ్యూజియానికి తీసుకెళ్లేటప్పుడు ఏం చూసుకోవాలి?

మేడం, మీరు అడిగినవి మూడు విషయాలు. ఎనిమిదో తరగతి పిల్లలు అరవై మందిని కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియానికి ఒక్క రోజులో తీసుకెళ్లి తీసుకురావచ్చా? అక్కడ పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమాలు ఉంటాయా? అదే రోజు గండికోట, బెలుం గుహలు కూడా కలుపుకోవచ్చా? నేను ఇదే జిల్లాలో హైస్కూలు సోషల్ టీచర్ని. చాలా ఏళ్లుగా పిల్లలను తీసుకెళుతున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: వద్దు. అన్నీ ఒకే రోజు పెట్టుకుంటే రోజంతా బస్సులోనే గడిచిపోతుంది. పిల్లలకు కిటికీ సీటు కోసం పడ్డ గొడవ తప్ప ఇంకేమీ గుర్తుండదు. గండికోటకు ఒక రోజు కేటాయించాలి, బెలుంకు ఇంకో రోజు. మ్యూజియంతో పాటు ఏదైనా కలపాలనుకుంటే అదే ఊళ్లో ఉన్న సి.పి. బ్రౌన్ గ్రంథాలయాన్ని కలపండి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మ్యూజియంలో అరవై మంది ఒక్కసారిగా నిలబడితే ముందున్న పది మందికే విగ్రహం కనిపిస్తుంది, మిగతా వాళ్లకు ముందువాళ్ల జడలు కనిపిస్తాయి. సగం మంది మ్యూజియంలో, సగం మంది గ్రంథాలయంలో ఉండి, భోజనాల తర్వాత మారితే అందరికీ చోటు దొరుకుతుంది. ఒక్కో టీచరు దగ్గర పన్నెండు, పదిహేను మందికి మించి ఉండకూడదు.

కార్యక్రమాల సంగతి. జిల్లా మ్యూజియాల్లో పెద్ద నగరాల్లోలాగా రోజూ పిల్లల తరగతులు జరుగుతాయని ఆశించకండి. నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, చిత్రలేఖనం వంటి పోటీలు ఏమైనా పెడుతున్నారా అని అక్టోబరులోనే అడగండి. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవమే కానీ, అప్పటికి మనకు వేసవి సెలవులు, బయట నిప్పులు చెరిగే ఎండ. నవంబరులో వాయుగుండాల బెడద ఉంటుంది కాబట్టి ఇంకో తేదీ చేతిలో పెట్టుకోండి. జనవరి, ఫిబ్రవరి అయితే మరీ హాయి. తేదీ అనుకునే ముందు వారపు సెలవు ఏ రోజో ఫోను చేసి కనుక్కోండి. మ్యూజియం సెలవు ఆదివారమే అనుకోవడానికి లేదు. హైదరాబాద్ సాలార్ జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు.

హెడ్మాస్టరు సంతకంతో మ్యూజియం అధికారికి ఒక ఉత్తరం ఇవ్వండి. ఎంత మంది పిల్లలు, ఏ తరగతి, ఎన్ని గంటలకు వస్తారు, ఏ గదిలో ఎక్కువసేపు ఉంటారు అన్నది అందులో రాయండి. సిబ్బందిలో ఒకరు పిల్లలతో పావుగంట మాట్లాడగలరా అని కూడా అడగండి. ఇలా ముందుగా అడిగితే సాధారణంగా కాదనరు. ఎం.ఈ.ఓ. (మండల విద్యాధికారి) అనుమతి, తల్లిదండ్రుల అంగీకార పత్రాలు, ప్రథమ చికిత్స పెట్టె, వాంతులయ్యే పిల్లలకు నిమ్మకాయలు, కవర్లు, ఇవన్నీ మీకు తెలిసినవే. మధ్యాహ్న భోజనం వండేవాళ్లకు ముందు రోజే చెబితే పులిహోర కట్టి ఇస్తారు. ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎక్కడ ఉందో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో మాత్రం మీరే స్వయంగా వెళ్లి చూసుకోండి. ఇది ఫోనులో తేలే విషయం కాదు.

ఆ వెళ్లిన రోజే ఇంకో పని కూడా పూర్తి చేసుకోవచ్చు. మ్యూజియం మొత్తం తిరిగి అయిదారు వస్తువులను ఎంచుకోండి. అంతకు మించి వద్దు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెచ్చిన రాతి శిల్పాలు, కంచు విగ్రహాలు, శాసనాలు అక్కడ ఉన్నాయి. అన్నీ చూపించాలన్న ఆశతో వెళితే, పిల్లలు నోటు పుస్తకాలు తీసి ప్రతి విగ్రహం కింద ఉన్న చీటీని ఎక్కించుకుంటూ పోతారు. తల ఎత్తి విగ్రహం ముఖం చూడరు. అందుకే నేను ఇచ్చే ప్రశ్నల కాగితంలో జవాబు చీటీలో దొరికే ప్రశ్న ఒక్కటీ ఉండదు. ‘ఈ విగ్రహంలో ఏ భాగం విరిగింది? విరిగిన చేతిలో ఏమి ఉండి ఉంటుందో గీయండి.’ ‘ఈ స్త్రీ ఎన్ని రకాల నగలు పెట్టుకుంది? అలాంటివి మీ ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా పెట్టుకుంటున్నారా?’ ‘పక్క నుంచి చూసి, ముందు నుంచి కనిపించనిది ఒకటి రాయండి.’

ఈ చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఒకసారి ఒక అమ్మాయి ఒక విగ్రహం పక్కకు చేరి, గోడకూ రాతికీ మధ్య సందులోకి చాలాసేపు తొంగి చూసింది. ముందువైపు వేలి గోళ్లు కూడా తెలిసేలా నున్నగా చెక్కిన ఆ రాతికి వెనకవైపు ఉలి దెబ్బలు గరుకుగా అలాగే ఉన్నాయి. ‘సార్, దీన్ని గోడకు ఆనించి పెట్టడానికే చేశారు, వెనక ఎవరూ చూడరని చెక్కలేదు’ అంది. తరగతిలో ఆ అమ్మాయి నోరు తెరిచేది చాలా తక్కువ. అరగంట ఒకే విగ్రహం దగ్గర నిలబెట్టినా నష్టం లేదని అందుకే అంటాను.

జైన శిల్పాల గురించి మాత్రం బడిలోనే ముందుగా మాట్లాడి తీరాలి. తీర్థంకరుల, అంటే జైన మత గురువుల, దిగంబర విగ్రహాలు చూడగానే మగపిల్లలు కిసుక్కుమంటారు, ఆడపిల్లలు తల దించుకుంటారు. అక్కడ గద్దించి ప్రయోజనం లేదు. ముందు రోజు శ్రవణబెళగొళ గోమటేశ్వరుడి బొమ్మ చూపించి, అన్నీ వదులుకున్నవాడికి బట్ట కూడా అక్కర్లేదన్న భావం ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే చాలు. బుద్ధుడికీ తీర్థంకరుడికీ తేడా కనిపెట్టే పనిని పిల్లలకే అప్పగించండి. బుద్ధుడి ఒంటి మీద వస్త్రం ఉంటుంది. నిలబడిన తీర్థంకరుడి చేతులు రెండూ శరీరానికి తాకకుండా నిటారుగా కిందికి దిగి ఉంటాయి, దాన్నే కాయోత్సర్గం అంటారు. తల మీద పాము పడగలు గొడుగులా ఉంటే సాధారణంగా అది పార్శ్వనాథుడు. మన జిల్లాలో జైనమేమిటి అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. జమ్మలమడుగు దగ్గర పెన్నా ఒడ్డున ఉన్న దానవులపాడులో గత శతాబ్దం మొదట్లో తవ్వకాలు జరిపితే ఇసుక కింద జైన ఆలయం బయటపడింది. అక్కడి శిల్పాలు కొన్ని మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. ‘మనవి అక్కడెందుకు ఉన్నాయి సార్?’ అన్న ప్రశ్న కూడా వస్తుంది. దానికి మీ జవాబు సిద్ధంగా పెట్టుకోండి, నాకైతే ఇప్పటికీ పిల్లలను ఒప్పించే జవాబు దొరకలేదు.

శాసనాలకు బడిలో చేసే ఒక చిన్న పని ఉంది. శాసనాల పరిశోధకులు రాతి మీద తడి కాగితం పరిచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది నకలు తీస్తారు. మన బడి భవనానికి ప్రారంభోత్సవ శిలాఫలకం ఎలాగూ ఉంటుంది కదా. దాని మీద పల్చటి కాగితం పెట్టి, పెన్సిలును పడుకోబెట్టి రుద్దమనండి. అక్షరాలు తేలుతుంటే పిల్లల ముఖాలు చూడాలి! ఎవరు కట్టించారు, ఎప్పుడు, ఎవరి హయాంలో, ఖర్చు ఎవరిది అని అందులోంచి రాబట్టమనండి. రాజుల శాసనాల్లోనూ వెతికేది అవే. తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటైన కలమళ్ళ శాసనం మన ఎర్రగుంట్ల దగ్గరిదేనని, క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుల కాలంలో వేశారని అప్పుడు చెబితే చెవులు రిక్కించి వింటారు. మ్యూజియంలోని రాళ్ల మీద మాత్రం ఈ పని చేయనివ్వకండి. చేతి చెమట, జిడ్డు కూడా రాతిని పాడు చేస్తాయని ముందే చెప్పండి. లోపలికి పెన్నులు కూడా వద్దు, పెన్సిళ్లు చాలు.

ఇక బ్రౌన్ గ్రంథాలయం. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, జీతాలిచ్చి పండితులను పెట్టుకుని తాటాకు ప్రతులను పోల్చి, సరిచేయించి, కాగితం మీద రాయించాడు. ఆ స్థలంలోనే ఈ గ్రంథాలయం వెలిసింది, ఇప్పుడు యోగివేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. తాటాకు ప్రతులను చూపించమని అడగండి. కంపెనీ సర్వే అధికారి మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తుల సంపుటాలనూ తప్పకుండా అడగండి. రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా కరణాల దగ్గర రాబట్టిన ఊరి వివరాలు అవి. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు, ఊరికి ఆ పేరెలా వచ్చింది వంటివి అందులో ఉంటాయి. మీ పిల్లల ఊళ్లలో ఏ ఒక్కదాని కైఫీయత్తు దొరికినా ఒక పేజీ చదివించండి. తమ ఊరి పేరు పాత పుస్తకంలో కనిపించినప్పుడు వాళ్లు చేసే గోలకు గ్రంథాలయం వారికి ముందుగానే క్షమాపణ చెప్పి ఉంచండి.

తిరిగొచ్చాక నేను వ్యాసం రాయించను, అందరూ ‘ఉదయం ఎనిమిది గంటలకు బయలుదేరాము’ అనే మొదలుపెడతారు. దానికి బదులు ఒక్కొక్కరూ ఇంటి నుంచి ఒక పాత వస్తువు తేవాలి. సోల, తవ్వ, దీపపు సెమ్మె, తాతగారి పట్టా పాసుపుస్తకం, ఏదైనా సరే. దానికి మ్యూజియంలో చూసినట్టు నాలుగు వరుసల చీటీ రాయాలి. ఒక్కరోజు తరగతి గదిలో బల్లల మీద పెట్టి, చిన్న తరగతుల వాళ్లను పిలిచి చూపిస్తారు. విలువైనవి తేవద్దని మాత్రం తల్లిదండ్రులకు గట్టిగా చెప్పండి.

మీ బడి ఏ మండలంలోదో రాయండి. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ల కైఫీయత్తులు అచ్చయ్యాయో సంపుటాలు చూసి చెబుతాను.