కడప బోరు నీళ్లలో అక్వేరియం మొక్కలు: ఏవి బతుకుతాయి, ఏ సామాను అవసరం

మీ ప్రశ్న ఇదీ: కడపలో ఇల్లు, బోరు నీళ్లు, కడప బండ వేసిన స్టాండు మీద రెండడుగుల అక్వేరియం. కొన్న మొక్కలు నెల తిరగకముందే కుళ్లిపోతున్నాయి. మిగిలిన వాటి ఆకుల మీద తెల్లటి పొడి పడుతోంది, అద్దం మీద తెల్ల గీత ఎంత తుడిచినా పోవడం లేదు. షాపులో సీఓటూ (కార్బన్ డయాక్సైడు) సిలిండరు, పెద్ద ఫిల్టరు, హీటరు కొనమంటున్నారు. కొనాలా వద్దా, ఎండాకాలం ఎట్లా గట్టెక్కాలి?

మాదీ కడపే, చిన్నచౌకు వైపు. మాకూ బోరు నీళ్లే. ఏళ్లుగా ఆ నీళ్లలోనే మొక్కలూ చేపలూ పెంచుతున్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా: నీళ్లను మార్చాలని చూడకండి, ఆ నీళ్లు పడే మొక్కల్ని తెచ్చుకోండి. సిలిండరు, హీటరు రెండూ మీకు అక్కర్లేదు.

ముందు ఆ తెల్ల పొడి సంగతి. అది జబ్బేమీ కాదు, కంగారు పడకండి. మొక్కకు కార్బన్ కావాలి. మామూలుగా నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడును తీసుకుంటుంది. మన గట్టి నీళ్లలో, అంటే సున్నం ఎక్కువున్న నీళ్లలో, అది తక్కువ, బైకార్బొనేట్లు అనే లవణాలు మాత్రం దండిగా ఉంటాయి. కొన్ని మొక్కలు ఆ బైకార్బొనేటు నుంచే కార్బన్ లాక్కోగలవు. అప్పుడు ఆకును ఆనుకుని ఉన్న నీళ్లలో పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత) పెరిగి, సున్నం ఆకు మీదే పేరుకుంటుంది. అంటే తెల్ల పొడి పట్టిన మొక్క మీ నీళ్లలో తిండి సంపాదించుకుంటోందని అర్థం. ఆ పని చేతకాని మొక్కలే కుళ్లిపోతున్నాయి. ఎర్ర ఆకుల రకాలు, నేల మీద తివాచీలా పరుచుకునే రకాలు చాలావరకు ఆ బాపతే. వాటి కోసమే సిలిండరు కొనమంటారు.

మన నీళ్లకు మొదటి మొక్క వాలిస్నేరియా. రిబ్బన్లలా పొడుగ్గా పెరుగుతుంది, ఇసుక కింద తీగలు పాకించి పక్కనే పిల్లల్ని వేసుకుంటూ పోతుంది. దాని తర్వాత హార్న్‌వర్ట్, హైడ్రిల్లా. హైడ్రిల్లాను కొననక్కర్లేదు, కాలువల్లో బోలెడంత దొరుకుతుంది. కాకపోతే బయటి నుంచి తెచ్చిన ఏ మొక్కనైనా లేత గులాబీ రంగు వచ్చేలా కలిపిన పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి, బాగా కడిగి, వారం పాటు వేరే బకెట్లో ఉంచాకే లోపల వేయండి. తూనీగ పిల్లలు వస్తే చిన్న చేపల్ని తినేస్తాయి. జలగలు, నత్తల గుడ్లు కూడా వస్తుంటాయి. షాపుల్లో అమ్మే ‘లిక్విడ్ కార్బన్’ సీసా జోలికి మాత్రం వెళ్లొద్దు, వాలిస్నేరియా దాన్ని తట్టుకోలేక కరిగిపోతుంది.

జావా ఫెర్న్, అనుబియాస్ కూడా పెట్టుకోవచ్చు. ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి, వాటికి కావాల్సిన కార్బన్ కూడా తక్కువే. వీటికి అడ్డంగా లావుపాటి కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. నూలు దారంతో రాయికో చెక్కకో కట్టేయండి, కొన్నాళ్లకు వేళ్లే పట్టుకుంటాయి.

క్రిప్టోకోరైన్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు ‘కుళ్లిపోయాయి’ అని తీసి పారేసిన వాటిలో అది కూడా ఉండొచ్చు. చోటు మారిన కొత్తలో దాని ఆకులన్నీ జిగురు జిగురుగా కరిగిపోతాయి. చూస్తే చచ్చిందనే అనిపిస్తుంది. వేరు మాత్రం బతికే ఉంటుంది. కరిగిన ఆకుల్ని తీసేసి, వేరును కదపకుండా వదిలేయండి. మూడు నాలుగు వారాల్లో ఆ నీళ్లకు తగ్గ కొత్త ఆకులు వేస్తుంది. ఒకసారి కుదురుకున్నాక మన నీళ్లలో అంత మొండిగా బతికే మొక్క ఇంకోటి లేదు. దాన్ని మళ్లీ పీకి వేరే చోట నాటకుండా ఉంటే చాలు.

షాపుల్లో అక్వేరియం మొక్కలని అమ్మేవన్నీ నీటి మొక్కలు కావు. లక్కీ బ్యాంబూ, చారల ఆకుల డ్రసీనా లాంటివి పూర్తిగా నీళ్లలో ముంచితే కొన్ని వారాలు పచ్చగా కనిపించి తర్వాత కుళ్లుతాయి, నీళ్లనూ పాడు చేస్తాయి. నీళ్లలోంచి పైకి తీసినప్పుడు వాలిపోకుండా కర్రలా నిలబడే మొక్కనైతే కొనేముందు అది నీటి మొక్కేనా అని ఒకసారి అడగండి. మనీ ప్లాంట్ సంగతి వేరు. వేళ్లు నీళ్లలో, ఆకులు బయట ఉండేట్టు తొట్టి అంచున పెట్టండి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే నైట్రేటును అది బాగా పీల్చేస్తుంది.

తర్వాత ఎరువులు. మన జిల్లాలో చీనీ (బత్తాయి) తోటలున్న రైతులకు ఇది తెలిసిన విషయమే: సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా చెట్టుకు అందదు, లేతాకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అక్వేరియంలో జరిగేదీ అదే. పీహెచ్ 8 దగ్గర ఉన్న నీళ్లలో ఇనుము తుప్పులా మారి అడుగున పడిపోతుంది. ఇనుము అట్లా పడిపోకుండా పట్టి ఉంచే మందు కలిపిన ఐరన్ ఎరువులు ఉంటాయి, వాటిలో ఎక్కువగా దొరికే ఈడీటీఏ రకం కూడా ఇంత పీహెచ్‌లో ఎక్కువసేపు నిలవదు. డీటీపీఏ రకం దొరికితే అది మేలు. ఇంకా చవకైన దారి ఎర్రమట్టి. ఎరువు, పురుగుమందు తగలని చోటు నుంచి ఎర్రమట్టి తెచ్చి, గోలీకాయలంత ఉండలు చేసి, బాగా ఎండబెట్టి, వేళ్ల పక్కన ఇసుకలోకి లోతుగా గుచ్చండి. అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకోరైన్ వేళ్లతో తినే మొక్కలు, వాటికి బాగా పనిచేస్తుంది. నల్లరేగడి మాత్రం వద్దు, నీళ్లంతా బురదవుతుంది.

ముదురు ఆకుల్లో సూది గుచ్చినట్టు చిల్లులు పడి చుట్టూ పసుపు కనిపిస్తే అది పొటాష్ లోటు. ఎరువుల కొట్టులో సల్ఫేట్ ఆఫ్ పొటాష్ దొరుకుతుంది. మీ తొట్టికి వారానికి అర గ్రాము నీళ్లలో కరిగించి పోస్తే సరిపోతుంది. యూరియా, డీఏపీ మాత్రం చిటికెడు కూడా వేయొద్దు. వాటి నుంచి అమ్మోనియా వస్తుంది, మన నీళ్లలో అమ్మోనియా చాలా ప్రమాదం. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే చేపకు విషం. పీహెచ్ 7, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉంటే ఆ విష రూపం ఒక శాతం కూడా ఉండదు. అదే పీహెచ్ 8, 30 డిగ్రీలు ఉంటే 7 శాతం దాటుతుంది. బెంగళూరులో మెత్తటి నీళ్లతో పెంచేవాళ్లకు చెల్లిన మేత, చేపల సంఖ్య మనకు చెల్లకపోవడానికి ఇదొక కారణం. చేపలు తక్కువగా, మేత తక్కువగా ఉంచండి. గప్పీ, మోలీ, ప్లాటీ మన గట్టి నీళ్లలో హాయిగా ఉంటాయి.

అద్దం మీద తెల్ల గీత గురించి అడిగారు కదా. నిజానికి మీ ప్రశ్న మొత్తంలో నేను ముఖ్యమనుకునేది అదే. నీళ్లు ఆవిరైతే అందులోని లవణాలు ఆవిరి కావు, తొట్టిలోనే ఉండిపోతాయి. ఆవిరైన చోటును మళ్లీ బోరు నీళ్లతో నింపితే కొత్త లవణాలు వచ్చి చేరతాయి. లెక్క వేసి చూడండి. మా బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 900 దాకా ఉంటుంది, అంటే లీటరుకు 900 మిల్లీగ్రాములు. ఎండాకాలంలో రోజుకు లీటరు ఆవిరైంది, రోజూ లీటరు బోరు నీళ్లే పోశారనుకోండి. నెలకు 27 గ్రాములు లోపల చేరతాయి. మీ తొట్టిలో ఇసుక పోను ఉండేది సుమారు 50 లీటర్లు. అందులో కొంత సున్నంగా మారి అద్దానికి పట్టుకున్నా, నెల రోజుల్లోనే టీడీఎస్ ఎక్కడికి పోతుందో మీకే తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మొక్కలు దిగాలు పడటానికి ఎండ ఒక్కటే కారణం కాదు, ఇది కూడా.

అందుకే ఆవిరైన దాన్ని భర్తీ చేయడానికి ఆర్వో నీళ్లు పోయండి. ఇంట్లో మిషన్ లేకపోతే 20 లీటర్ల క్యాన్ నీళ్లు. మిషన్ నుంచి వృథాగా పోయే గొట్టం నీళ్లు పనికిరావు, లవణాలన్నీ అందులోనే ఉంటాయి. వారం వారం పావు వంతు నీళ్లు తీసి మార్చేటప్పుడు మాత్రం బోరు నీళ్లే పోయండి, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం మొక్కలకు కావాలి. ఇంటికి సాఫ్ట్‌నర్ ఉంటే దాని తర్వాతి కొళాయి నీళ్లు కాకుండా నేరుగా బోరు నీళ్లు పట్టండి. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. ఒక టీడీఎస్ మీటరు కొనుక్కోండి, చిన్న పెన్నులా ఉంటుంది, ఖరీదు కూడా ఎక్కువేం కాదు. అద్దం మీద గీతకు నీటి మట్టం కాస్త దించి, నిమ్మచెక్కతో రుద్ది, కాసేపాగి తడిగుడ్డతో తుడిస్తే వస్తుంది.

ఇక సామాను. రెండడుగుల తొట్టికి స్పాంజ్ ఫిల్టరు, ఒక ఎయిర్ పంపు చాలు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే. పైగా రాత్రి పూట మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే కారణం ఇదే. కాబట్టి ఎండాకాలంలో గాలి రాత్రంతా ఆడాల్సిందే. పంపు నాలుగైదు వాట్లకు మించి తినదు, కరెంటు పోయినా ఇన్వర్టరు దాన్ని సులభంగా నడుపుతుంది. పంపు నీటి మట్టం కన్నా కిందుంటే గొట్టం మధ్యలో చెక్ వాల్వు తప్పకుండా పెట్టండి. లేదంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టం గుండా వెనక్కి వచ్చి పంపులోకి, అక్కణ్ణుంచి ప్లగ్గులోకి దిగుతాయి. వైర్లను ప్లగ్గు కన్నా కిందికి వంపు వచ్చేట్టు వేలాడదీయండి, వైరు మీద జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపండి. ఇంట్లో పిల్లలుంటే ఈ రెండూ ఇంకా జాగ్రత్తగా చూడండి.

స్పాంజిని కొళాయి కింద కడగొద్దు. అమ్మోనియాను విషం కాకుండా మార్చే బ్యాక్టీరియా దాంట్లోనే ఉంటుంది, కొళాయిలో కార్పొరేషన్ నీళ్లు వస్తుంటే వాటిలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. నీళ్లు మార్చేటప్పుడు తీసిన తొట్టి నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి. తళతళలాడాల్సిన పనిలేదు.

హీటరు వద్దన్నాను. కడపలో డిసెంబరు, జనవరి రాత్రులు తప్ప నీళ్లు చల్లబడేది లేదు, పైన చెప్పిన గప్పీ, మోలీ, ప్లాటీ ఆ చలికి తట్టుకుంటాయి. మన ఇబ్బంది వేడే. మూత తీసి దోమతెర లాంటి జాలీ వేసి, నీటి పైభాగానికి తగిలేట్టు చిన్న ఫ్యాను పెట్టండి. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆవిరి బాగా జరిగి నీళ్లు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. ఆవిరి పెరిగితే భర్తీ నీళ్లు కూడా పెరుగుతాయి, పైన చెప్పిన ఆర్వో లెక్క ఇక్కడ ఇంకా ముఖ్యం. ఐస్ ముక్కలు వేయొద్దు, ఉన్నట్టుండి చల్లబడి మళ్లీ వేడెక్కడం చేపలకు వేడి కన్నా హాని. నీళ్లు మార్చేది తెల్లవారుజామునే పెట్టుకోండి. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేట్టు ఉంటాయి.

లైటుకు మామూలు తెల్ల ఎల్ఈడీ, దానికొక టైమరు. రోజుకు 7 గంటలు. నాచు పడుతుంటే 6కు తగ్గించండి. కిటికీ ఎండ నేరుగా పడే చోట తొట్టి ఉంటే జరిపేయండి.

చివరగా రాళ్లు. స్టాండు మీద కడప బండ వేశారు, మంచి పని చేశారు. నిండిన తొట్టి 70 కిలోలు దాటుతుంది, ఆ బరువుకు అదే సరైనది. మధ్యలో ఒక థర్మాకోల్ షీటు వేయండి. అదే బండ ముక్కల్ని అలంకారానికి లోపల పెట్టొద్దు. కడప బండ, బేతంచెర్ల బండ రెండూ సున్నపురాళ్లే. ఏ రాయినైనా కడిగి ఆరబెట్టి నిమ్మరసం పిండి చూడండి, నురగ వస్తే సున్నం ఉన్నట్టు. పెన్నా ఇసుకనూ అట్లాగే పరీక్షించండి. లోపలికి పలుగురాళ్లు, గ్రానైట్ ముక్కలు బాగుంటాయి.

ముందు మీ బోరు నీళ్ల టీడీఎస్, ఇప్పుడు తొట్టిలో ఉన్న నీళ్ల టీడీఎస్ రెండూ చూసి ఇక్కడ రాయండి. రెండింటికీ తేడా ఎక్కువుంటే ఒకేసారి నీళ్లన్నీ మార్చేయకండి, చేపలు తట్టుకోలేవు. రోజు విడిచి రోజు బకెట్ చొప్పున మారుస్తూ రండి. మొక్కలు ఆ తర్వాతే కొందురుగాని.