ఒంటి గది ఫ్లాటు ఎంత చిన్నదైనా ఫరవాలేదు?

ప్రశ్న: విశాఖ మధురవాడ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం వచ్చింది. ఒక్కదాన్నే ఉంటాను, వంట చేసుకుంటాను. అప్పుడప్పుడు అమ్మ వచ్చి వారం రోజులుంటుంది. 350 చదరపు అడుగులని ఒక స్టూడియో ఫ్లాటు, 250 అని ఇంకొకటి చూపించారు. రెండో దానికి అద్దె తక్కువ. అందులో సర్దుకోగలనా?
– ఒక పాఠకురాలు, పార్వతీపురం

జవాబు: ఆ 350, 250 దేని కొలతో ముందు అడగండి. మామూలుగా చెప్పేది సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, కారిడార్లలో ఆ ఫ్లాటు వాటా కూడా అందులో కలిసే ఉంటుంది. ఫ్లాటు కొలత మీద పావు వంతు కలిపారనుకుంటే 350లో అసలు ఫ్లాటు 280. బయటి గోడల మందం, బాల్కనీ తీసేస్తే మీకు మిగిలేది 225 చిల్లర. అదే లెక్కన 250 అన్నది 160 దగ్గర తేలుతుంది. ఇళ్ల అమ్మకాలని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా అని చెప్పేది దాదాపు ఈ మిగిలినదాన్నే. టేపు తీసుకెళ్లి గోడ నుంచి గోడకి మీరే కొలవండి.

వంట చేసుకునే ఒక మనిషికి 200 కంటే తగ్గకూడదని మా అభిప్రాయం. పడుకునే, కూర్చునే చోటు 10×12, అంటే 120. వంటకి 6×7, అంటే 42. బాత్రూమ్ 4×7.5, అంటే 30. గుమ్మం దగ్గర చెప్పులకీ చీపురుకీ 8. 160లో ఈ లెక్క కుదరదు. ముందుగా పోయేది వంటగట్టు ముందు నిలబడే జాగా, ఆ తర్వాత అమ్మ పడుకునే జాగా. మంచం, బీరువా వేశాక నేల మీద 3×6 పరుపు పరవగలరా? పరవలేకపోతే ఆ ఫ్లాటు మీకు పనికిరాదు.

విస్తీర్ణం కంటే వెడల్పు ముఖ్యం. 20×6 గదీ 120 అడుగులే, కానీ అందులో ఉండలేరు. 8 అడుగుల వెడల్పులో ఒక గోడకి 3 అడుగుల సింగిల్ మంచం, ఎదుటి గోడకి అడుగున్నర లోతు బీరువా పెడితే మధ్యన మూడున్నర అడుగులు మిగులుతుంది, హాయిగా తిరగొచ్చు. అదే 5 అడుగుల డబుల్ కాట్ వేస్తే మిగిలేది అడుగున్నర. బీరువా తలుపు తెరిస్తే మంచానికి ఆనుతుంది, మీరు నిలబడే చోటే ఉండదు. అందుకే అటక ఉన్న ఫ్లాటుకి మొగ్గు చూపండి. సూట్‌కేసులు, దుప్పట్లు పైకెళితే నేల ఖాళీ అవుతుంది.

వంటగట్టు కనీసం 5 అడుగుల పొడవుండాలి. స్టవ్వుకి రెండుంపావు, సింకుకి అడుగున్నర పోతే కూర తరుక్కోవడానికి మిగిలేది అడుగుంపావే. పడుకునే చోటే గ్యాస్ బండ ఉంటుంది కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాం: వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకయితే నేల మీదే పేరుకుంటుంది. కింద గాలి పోయే సందు ఉండాలి, రాత్రి రెగ్యులేటర్ కట్టేయాలి. ఇండక్షన్ స్టవ్వు, గీజర్ ఒక్కోటీ 2 కిలోవాట్ల వరకూ లాగుతాయి. ఏసీ కూడా ఉంటే మూడూ కలిసి నడుస్తాయా, మీటరు లోడు ఎంత, 16 ఆంపియర్ల పాయింట్లు ఎన్ని అన్నది ఓనర్ని అడగండి.

విశాఖలో ఇరుకు కంటే ఉక్క ఎక్కువ బాధిస్తుంది. కారిడార్‌కి ఇరువైపులా కట్టిన స్టూడియోలకి తరచూ ఒక్క గోడకే కిటికీ ఉంటుంది. గాలి దూరడానికి దారుంది, పోవడానికి లేదు. అలాంటి గదిలో చేప వేపుడు వాసన తెల్లారేదాకా పరుపుని వదలదు, లోపల ఆరేసిన బట్టల తేమకి బీరువా వెనక గోడకి బూజు పడుతుంది. బయటికి తీసే ఎగ్జాస్ట్ ఫ్యాను, బట్టలారేయడానికి బాల్కనీ గానీ మేడ గానీ లేకపోతే 300 అడుగులున్నా వద్దనుకోండి.

ప్రశ్న: గాజువాకలో మా మేడ మీద 9×10 గది, పక్కన బాత్రూమ్ కట్టి అద్దెకిద్దామనుకుంటున్నాం. చాలదా?
– ఒక పాఠకుడు

జవాబు: చాలదు. జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం ఒకే గది ఉన్న ఇంట్లో ఆ గది కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే 102 చదరపు అడుగులుండాలి. వెడల్పు 2.4 మీటర్లు, ఎత్తు 2.75 మీటర్లు. బాత్రూమ్, లెట్రిన్ ఒకటిగా కడితే 2.8 చదరపు మీటర్లు. ఇవి కనీసపు కొలతలే, అద్దెకున్నవాళ్లు నిలవాలంటే గదిని 10×12 చేయండి. ఉక్క ప్రాంతాల్లో నేల విస్తీర్ణంలో ఆరో వంతు తెరుచుకునే ఖాళీ ఉండాలంటారు. 120కి అది 20 చదరపు అడుగులు. స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది కాబట్టి 4×4 కిటికీని 8గానే లెక్కేయండి. రెక్కల కిటికీలు రెండు వేరు వేరు గోడలకి పెడితే మేలు. పైన ఎండ నేరుగా తగిలే స్లాబ్ కాబట్టి తెల్ల కూల్ రూఫ్ పూత వేయించండి. పని మొదలుపెట్టే ముందు నగరపాలక సంస్థ (జీవీఎంసీ) అనుమతి తీసుకోండి.