మేనేజరు గారి జవాబులు: రాత్రి ఆగితేనే రాబడి

(పర్యాటకం మీద, దాని మీద ఆధారపడ్డ బతుకుతెరువుల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. జవాబులిచ్చేవారు కొండ ప్రాంతాల గెస్ట్‌హౌసుల్లో మేనేజరుగా పనిచేసి రిటైరయ్యారు.)

ప్రశ్న: మాది అరకులోయ మండలం. ఆదివాసీలం. రోడ్డు పక్కనే నాన్న పేరున ఎకరం పట్టా ఉంది. విశాఖ నుంచి ఒకాయన వచ్చి, "రిసార్టు నేను కడతాను, పేపర్ల మీద ఓనరు మీరే, నెలనెలా అద్దె ఇస్తాను, టూరిజానికి ఇప్పుడు గవర్నమెంటు సాయం కూడా ఉంది" అంటున్నారు. నాన్న ఊగిసలాడుతున్నారు. నేను డిగ్రీ చదివి ఇంట్లోనే ఉన్నాను. సంతకం పెట్టమంటారా సార్?
– ఒక పాఠకురాలు, అరకులోయ

జవాబు: వద్దమ్మా. ఈ పేజీ నాన్నగారికి చూపించి మరీ చెప్పండి.

ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లోనే రెగ్యులేషన్ తెచ్చారు. దాన్ని గట్టిచేసిన 1970 సవరణనే మీ ఊళ్లో అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తాకట్టు, ఆ భూమి గురించి రాసుకునే ఒప్పందం కూడా దాని కిందికే వస్తాయి. ఆయన తెచ్చే అగ్రిమెంటు కోర్టులో నిలవదు. నిలవదు కదా, మనకేం పోయిందని సంతకం పెట్టినవాళ్లను కూడా చూశాను. ఆయన సర్దుకుని వెళ్లిపోయాక కరెంటు బకాయిలు, పన్ను నోటీసులు, సరుకులిచ్చినవాళ్ల తగాదాలు అన్నీ పేపర్ మీదున్న ఓనరు గుమ్మంలోకే వస్తాయి.

నాన్నగారు నమ్మకపోతే పక్క మండలం సంగతి గుర్తుచేయండి. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని తేల్చింది. సర్కారుకే కుదరనిది ఆ పెద్దమనిషికి ఎలా కుదురుతుంది?

ఆయన పెద్దగా కడతానన్నది మీరు చిన్నగా కట్టుకోవచ్చు. కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే నిబంధనల ప్రకారం ఒక గది నుంచి ఆరు గదుల దాకా నడపవచ్చు, ఇంటివాళ్లు మాత్రం అక్కడే కాపురం ఉండాలి. బయటి నుంచి డబ్బు తెచ్చి పెట్టేవాళ్లకు ఈ షరతు అడ్డమేమో గానీ మీకు మేలే. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో హోంస్టేలకు ముద్ర రుణాలు (చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే అప్పులు) ఇస్తామని ప్రకటించారు. ముద్రలో శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. తాకట్టు అడగకూడదు. అడిగితే ఏ రూల్ ప్రకారమో కాగితం మీద రాసిమ్మనండి, చాలాసార్లు అక్కడే గొంతు తగ్గుతుంది.

రెండు గదులతో మొదలుపెట్టండి, అంతకు మించొద్దు. ముందు బాత్రూం చూసుకోండి. అతిథి సామాను దించీ దించకముందే తెరిచే తలుపు అది. దుప్పట్లు మంచానికి మూడు సెట్లు కొనండి. ఒకటి పరుపు మీద, ఒకటి తీగ మీద, ఒకటి బీరువాలో ఉండాలి. డిసెంబరు మంచులో ఉతికిన దుప్పటి రెండో రోజుకి కూడా ఆరదని మీకు చెప్పక్కర్లేదు. సగం ఆరింది వేస్తే వచ్చే ముక్కిపోయిన వాసనకు అతిథి మళ్లీ రాడు, పైగా ఫోన్‌లో ఒక్క స్టార్ ఇచ్చిపోతాడు. సోలార్ హీటర్ అమ్మేవాళ్లు వస్తారు. కాస్త ఆగండి. మేఘాలు చూడ్డానికి వచ్చినవాళ్లు తెల్లారకముందే వేడినీళ్లడుగుతారు, మీ దగ్గర మంచు విడిచి ఎండ పడేసరికి బాగా పొద్దెక్కుతుంది. కట్టెల బాయిలర్ పెట్టుకోండి. వంటలో ఫ్రైడ్ రైస్ జోలికి పోవద్దు, అది విశాఖలోనే దొరుకుతుంది. బొంగు చికెన్‌కు టైం పడుతుంది కాబట్టి ఆర్డరు ముందే తీసుకోండి, ధర కూడా ముందే చెప్పేయండి. తిన్నాక చెబితే గొడవే.

ఇంకో చిక్కుంది. కాఫీ పళ్ల కోత, టూరిస్టుల సీజను ఒకేసారి వచ్చిపడతాయి. నవంబరు నుంచి జనవరి దాకా అమ్మ తోటలో ఉండాలా, వంటింట్లో ఉండాలా? అక్టోబరులోనే కూర్చుని తేల్చుకోండి. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. అతిథి కోసం ఆ తోటను వదులుకోవద్దు. అతిథినే తోటలోకి తీసుకెళ్లండి.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, సర్కారు అరకు మీద పెట్టిన ఖర్చులో చాలావరకు మనుషుల్ని తీసుకురావడానికే పోయింది. 2017లో విశాఖ–అరకు రైలుకు అద్దాల పెట్టె తగిలించారు. మంచి పనే. సొరంగాలు దాటుతుంటే పిల్లలు వేసే కేకలు వినడానికైనా ఒకసారి ఎక్కాలి. కానీ పొద్దున ఎక్కి, మ్యూజియం చూసి, భోంచేసి, చీకటి పడకముందే ఘాట్ దిగిపోయేవాళ్ల వల్ల మీ ఊరికి మిగిలేది చెత్త సంచులు, కాసిన్ని టీ డబ్బులు. అదే కుటుంబం రాత్రి ఆగితే దుప్పట్లు ఉతికేవాళ్లకు, కోడి అమ్మేవాళ్లకు, చాపరాయికి ఆటో కట్టేవాళ్లకు, చలిమంట దగ్గర థింసా ఆడేవాళ్లకు తలా ఇంత అందుతుంది. ఎంతమంది వచ్చారన్న లెక్కే అధికారులు చెబుతుంటారు. ఎంతమంది పడుకున్నారో మీరు అడగండి.

ప్రశ్న: మా రాజమండ్రిలో అఖండ గోదావరి ప్రాజెక్టుకు తొంభై నాలుగు కోట్లు అన్నారు. హేవలాక్ బ్రిడ్జిని టూరిస్టు ప్లేసు చేస్తారట. బీకాం ఫైనలియర్‌లో ఉన్నాను. నాలాంటివాళ్లకు ఉద్యోగాలొస్తాయా?
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: 94.44 కోట్లు. ముందు అది ఎలాంటి డబ్బో తెలుసుకో బాబూ. కేంద్రం రాష్ట్రాలకు 50 ఏళ్ల గడువుతో వడ్డీ లేకుండా ఇచ్చే అప్పు అది. 2024 నవంబరులో 23 రాష్ట్రాల్లోని 40 ప్రాజెక్టులకు సుమారు 3,295 కోట్లు ఒప్పుకున్నారు. మన గోదావరి, గండికోట, తెలంగాణలో రామప్ప ప్రాంతం, సోమశిల ఆ లిస్టులోవే. ఆ డబ్బు కట్టడానికి. కట్టాక ఊడ్చేవాళ్లకు, దీపాలు వేసేవాళ్లకు, బోటు నడిపేవాళ్లకు జీతం అందులోంచి రాదు. తాళం వేసిన టాయిలెట్లు, నీళ్లు లేని ఫౌంటెన్లు మన ఊళ్లలో ఎన్ని లేవు? అన్నీ కట్టడానికి డబ్బుండి, నడపడానికి లేక అలా పడున్నవే.

కాబట్టి మొదట పని దొరికేది మేస్త్రీలకు, వెల్డర్లకు, ఎలక్ట్రీషియన్లకు. నీ వంతు తర్వాత. 1900లో రైళ్లు మొదలై 1997 దాకా నడిచిన వంతెన మీద సాయంత్రం నడుస్తూ నది చూడ్డానికి జనం తప్పకుండా వస్తారు. వాళ్లను నమ్ముకుని బోటు ఓనర్లు, క్యాటరింగ్ వాళ్లు, కడియం నర్సరీల వాళ్లు వ్యాపారం పెంచుకుంటారు. వీళ్లలో చాలామందికి బిల్లింగ్, జీఎస్టీ, ఆన్‌లైన్ బుకింగ్ చూసుకునే మనిషి ఉండడు. ఒక్కొక్కరు ఒక మనిషిని పెట్టుకోలేరు, నలుగురైదుగురు కలిస్తే పెట్టుకోగలరు. ఆ మనిషివి నువ్వెందుకు కాకూడదు? మాట్లాడటం ఇష్టమైతే కేంద్రం ఆన్‌లైన్‌లో నడిపే టూరిస్ట్ ఫెసిలిటేటర్ సర్టిఫికెట్ కోర్సు చూడు. పూర్తిగా ఈ లైనులోకే రావాలనుకుంటే నెల్లూరులో కేంద్ర పర్యాటక శాఖ కాలేజీ ఉంది. 2027 పుష్కరాలకు బోలెడు పనులొస్తాయి, చెయ్యి, డబ్బు తీసుకో. కాకపోతే అవి పన్నెండు రోజుల్లో అయిపోతాయి.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో చిన్న లాడ్జి ఉంది. పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చారు కదా, మా కరెంటు బిల్లు తగ్గుతుందా?

జవాబు: దానంతటది తగ్గదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024–29 పాలసీతో, అంటే 2024 డిసెంబరులో, ఆ హోదా వచ్చింది. ఇలాంటి పాలసీల్లో రాయితీలు ఎక్కువగా కొత్తగా కట్టేవాళ్లకు, విస్తరించేవాళ్లకు ఉంటాయి. పాత లాడ్జి ఏ కేటగిరీలోకి వస్తుందో విద్యుత్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోండి.

మీకు అంతకన్నా దగ్గరి విషయం జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయలలోపు గదికి 12 శాతం పోయి 5 శాతం వచ్చింది. కాకపోతే పరుపులు, ఏసీలు కొన్నప్పుడు కట్టిన పన్నును ఇప్పుడు క్రెడిట్‌గా తీసుకోలేరు. ఈ ఏడాది గదులు బాగుచేయించాలనుకుంటుంటే ఆడిటర్‌తో ఒకసారి లెక్క వేయించండి.

ప్రశ్న: 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. వచ్చినవాళ్లు మగ్గం పక్కన ఫొటో దిగి పోతున్నారు. పని ఆగిపోవడం తప్ప మాకేం మిగిలింది?
– ఒక చేనేత కార్మికుడు, భూదాన్ పోచంపల్లి

జవాబు: అన్నా, మీ కోపం న్యాయమైందే. పై జవాబుల్లో రాత్రి బస అని ఊదరగొట్టాను గానీ మీ ఊరికి అది పనిచేయదు. హైదరాబాద్ నుంచి గంటన్నర ప్రయాణం, ఎవరూ ఆగరు. మీరు అమ్ముకోవాల్సింది గంటల లెక్కన.

ఫొటోకు డబ్బులు అడగడం మీకు మొహమాటం, ఇవ్వడం వాళ్లకు చిరాకు. పని నేర్పితే ఆ మొహమాటం ఉండదు. ఒక చేతిరుమాలంత గుడ్డ, రబ్బరు ముక్కలు, ఒక రంగు గిన్నె పెట్టండి. వచ్చినవాళ్లతో చిటికి కట్టించి (రంగు అంటకుండా అక్కడక్కడా బిగించి కట్టించి), రంగులో ముంచించి, విప్పించండి. కట్టిన చోట తెల్లగా మిగిలిందని చూసినవాళ్లు ఆ తర్వాత చీర ధర గురించి బేరమాడరు. ఆసు పోసేది (నూలు పేర్చేది), చిటికి కట్టేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే కదా, ఈ డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి. మగ్గం దగ్గర మాత్రం "పని నడుస్తోంది, కదిలించవద్దు" అని బోర్డు పెట్టేయండి.

సర్కారును అడగాల్సింది మరో ఆర్చీ, మరో మ్యూజియమూ కాదు. పోచంపల్లి ఇకత్‌కు జీఐ వచ్చి ఇరవై ఏళ్లయింది, అయినా ఆ డిజైన్ల ప్రింటు గుడ్డ అదే పేరుతో అమ్ముడుపోతూనే ఉంది. షాపుల్లో తనిఖీలు చేసే మనుషుల్ని అడగండి.

ప్రశ్న: ఆసుపత్రుల్లో మందులు సరిగా ఉండవు. మా పన్నులతో వ్యూ పాయింట్లు కట్టడం అవసరమా?
– ఒక రిటైర్డ్ టీచరు, గుంటూరు

జవాబు: మాస్టారూ, సగం ఒప్పుకుంటాను. పెద్ద హోటళ్లకు భూములు, రాయితీలు ఇచ్చి ఉద్యోగాలు వాటంతటవే వస్తాయంటే నాకూ నమ్మకం తక్కువే. ఇచ్చినప్పుడు చెప్పిన ఉద్యోగాల సంఖ్య, ఐదేళ్ల తర్వాత పీఎఫ్ కట్టిన సంఖ్య పక్కపక్కన పెట్టి ఎవరైనా చూపిస్తే బాగుంటుంది. తిరుపతికి వచ్చే భక్తులైతే ప్రకటనలు లేకపోయినా వస్తారు, వాళ్ల కోసం హోర్డింగులు దండగ.

కానీ జలపాతం దాకా వేసిన రోడ్డు మీదే 108 వస్తుంది. పాపికొండల సంగతి చూడండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి యాభై మంది వరకు చనిపోయారు. ఆ తర్వాత చాలాకాలం బోట్లు కట్టేశారు. సరంగులు (బోటు నడిపేవాళ్లు), వంటవాళ్లు, రేవుల్లో వెదురు బొమ్మలు అమ్ముకునేవాళ్లు అందరూ ఖాళీగా కూర్చున్నారు. తర్వాత కంట్రోల్ రూములు పెట్టాకే మళ్లీ కదిలాయి. రేవులో నిలబడి, లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి, వరద ఎక్కువుంటే బోటు వదలనని మొండికేసే ఒక ఉద్యోగి జీతం మీ పన్నుల్లోంచి ఇస్తే నాకే అభ్యంతరమూ లేదు. మీకుంటుందా?

ప్రశ్న: వచ్చే నెల పిల్లలతో బొర్రా గుహలకు వెళ్తున్నాం. గైడుకు టిప్ ఇవ్వాలా?

జవాబు: టిప్ సంగతి తర్వాత, గైడును పెట్టుకుంటే ఎంతో ముందే మాట్లాడుకోండి. బాగా చెప్పాడనిపిస్తే పైన మరికాస్త ఇవ్వండి. గుహ లోపల ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, చిల్లర నోట్లు జేబులో ఉంచుకోండి. పిల్లలకు జారని చెప్పులు వేయండి, లోపల మెట్లు తడిగా ఉంటాయి.